గిన్నె నిండా నీళ్ళు, ఊసరవెల్లికి దాహం

టెక్సాస్‌లో ఉంటున్న మా అక్క కొడుక్కి కిందటేడు పదకొండో పుట్టినరోజుకి ఊసరవెల్లి పిల్లని కొనిపెట్టారు. నాలుగో రోజున వాడు వీడియో కాల్ చేశాడు.

"మావయ్యా, ఇది పగలంతా కళ్ళు మూసుకునే కూర్చుంటోంది. నీళ్ళు పెడితే తాగట్లేదు."

నేను కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను కాబట్టి ఇంట్లో ఏ పురుగుకి జబ్బు చేసినా ఫోను నాకే వస్తుంది. దగ్గరగా చూపించమన్నాను. చూపుడువేలంత ప్రాణి. ఎండు కొమ్మని నాలుగు కాళ్ళతో కరుచుకుని, తోకని కొమ్మకి చుట్టేసి కూర్చుంది. నిండుగా ఉబ్బి ఉండాల్సిన కళ్ళు గుంటలు పడ్డాయి. దానికి జానెడు కింద, గాజు తొట్టె అడుగున తెల్లటి గిన్నె. గిన్నెలో అంచుదాకా నీళ్ళు.

గిన్నె పెట్టడంలో పిల్లవాడి తప్పు లేదు. కుక్కకైనా పిల్లికైనా, ఎండాకాలం డాబా మీదికొచ్చే పిచ్చుకలకైనా మనం చేసేది అదే. కానీ ఊసరవెల్లి కొమ్మల మీదే బతికే జీవి. ఆకు కొసన వేలాడే మంచుబొట్టు, వాన వెలిశాక కొమ్మ మీంచి జారే చుక్క, ఇవే దానికి తెలిసిన నీళ్ళు. కదిలి మెరిసేదాన్నే అది నీరుగా పోల్చుకుంటుంది. గిన్నెలో నిశ్చలంగా ఉన్న నీళ్ళు చాలామటుకు దాని కంటికి ఆననే ఆనవు. ఎదురుగా గిన్నెడు నీళ్ళు పెట్టుకుని దాహంతో చచ్చిపోగలదు.

"అమ్మ దగ్గర స్ప్రే సీసా ఉందా? గోరువెచ్చటి నీళ్ళు పోసి, పెరట్లోంచి మందారం కుండీ తెచ్చి లోపల పెట్టి, ఆకుల మీద సన్నగా కొట్టు. దాని మొహం మీద కొట్టకు," అన్నాను. ఫోను అలాగే పట్టుకుని కూర్చున్నాం. రెండు నిమిషాలు ఏమీ జరగలేదు. ఆరో నిమిషానికో ఏడో నిమిషానికో ఒక కన్ను తెరుచుకుని గిర్రున తిరిగి, పక్కనున్న ఆకు మీద ఆగింది. మెల్లగా మెడ చాచింది. ఆకు అంచున ఉన్న బొట్టుని పెదవితో అందుకుంది. గొంతు ఒకసారి కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. తర్వాత పావుగంట అది తాగుతూనే ఉంది.

మొదటి నెలలో చనిపోయే ఊసరవెల్లి పిల్లలు చాలావరకు దేని వాతా పడి చనిపోవు, దెబ్బ తగిలీ చనిపోవు. నీళ్ళు, ఎండ, మరుగు - ఈ మూడింటిలో ఏదో ఒకటి దానికి అర్థమయ్యే రూపంలో దొరక్క చనిపోతాయి. మూడూ ఇంట్లో ఉన్నాయనే మనం అనుకుంటాం. నా బాధంతా అక్కడే.

మా వాడిదీ, అమెరికా పెట్ షాపుల్లో ఎక్కువగా కనిపించేదీ వెయిల్డ్ కమీలియన్ అనే జాతి. నెత్తిన ఎత్తైన కిరీటంలాంటి ఎముక ఉంటుంది. దాని సొంత ఊరు యెమెన్, సౌదీ అరేబియా నైరుతి కొస. 1851లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు, డ్యుమెరిల్ తండ్రీకొడుకులు, దానికి కమీలియో కాలిప్ట్రాటస్ అని పేరు పెట్టారు. అరేబియా అనగానే మనకి ఇసుక గుర్తొస్తుంది. ఇది ఉండేది కొండవాలుల్లో, లోయల్లోని తుమ్మజాతి చెట్ల మీద, పొలాల గట్ల మీది పొదల్లో. పగలు ఎండ కాస్తుంది, రాత్రి చలి వేస్తుంది, తెల్లవారుజామున మంచు దిగుతుంది. ఈ మూడు మాటలు గుర్తుంటే సగం పెంపకం వచ్చినట్టే. షాపుల్లో అమ్మేవి దాదాపు అన్నీ అమెరికాలోనే గుడ్లు పొదిగించి పుట్టించినవి. అయినా వాటి ఒళ్ళు అడిగేది ఆ కొండవాలునే.

మన వైపు ఉన్నది వేరే జాతి. ఇండియాలో ఊసరవెల్లి జాతి ఒక్కటే, కమీలియో జెలానికస్. ఆంధ్ర, తెలంగాణల్లో ఎండు అడవుల్లోనూ తోటల్లోనూ ఉంటుంది కానీ మనలో చాలామంది దాన్ని కళ్ళారా చూసి ఉండరు. కంచె మీద తల ఊపుతూ మొహం ఎర్రగా చేసుకునే తొండనే చూపించి ఊసరవెల్లి అంటారు. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందన్న సామెత మన నోట్లో నానుతూనే ఉంటుంది. తొండ ఎంత ముదిరినా తొండే. దాని రెండు కళ్ళూ వేర్వేరు దిక్కులకి తిరగవు, నాలుక బాణంలా దూకదు, కాళ్ళు పట్టకారులా కొమ్మని పట్టవు. ఊసరవెల్లి ముందు కాలికి లోపలివైపు మూడు వేళ్ళూ బయటివైపు రెండు వేళ్ళూ కలిసిపోయి ఉంటాయి, వెనక కాలికి ఈ లెక్క తిరగబడుతుంది. నేల మీద నడవడానికి అంతగా పనికిరాని పాదాలు అవి.

మన ఊసరవెల్లిని పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఊళ్ళో ఎవరైనా పట్టి తెచ్చి అమ్మజూపితే జాలిపడి కూడా కొనకండి. కొన్నది బతికినా, దాని స్థానంలో ఇంకొకదాన్ని చెట్టు మీంచి దింపుతారు. విదేశీ జాతుల్ని ఇండియాలో ఉంచుకున్నవాళ్ళు 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల కింద పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. నేనిక్కడ రాస్తున్నది, చట్టం ఒప్పుకున్న చోట, ఇప్పటికే ఇంటికి తెచ్చుకున్నవాళ్ళ కోసం.

మళ్ళీ ఆ గాజు తొట్టె దగ్గరికి వద్దాం. షాపులో దాన్ని సెట్టుగా అమ్మారు. తొట్టె, గిన్నె, ఒక ఎండు కొమ్మ, అడుగున పరవడానికి చెక్కపొట్టు, రాత్రికి ఎర్ర బల్బు. ఇందులో గాజు తొట్టె ఒక్కటే రెండు రకాలుగా ఇబ్బంది పెట్టింది. చిన్న తొట్టెలో గాలి ఆడదు. నీళ్ళు చల్లుతూ, గాలి ఆడని వెచ్చటి పెట్టెలో ఉంచితే ఊపిరితిత్తులకి జబ్బు పట్టుకుంటుంది. అప్పుడు తల పైకెత్తి నోరు తెరిచి గాలి పీల్చుకుంటుంది, మూతి దగ్గర బుడగలు కనిపిస్తాయి. ఇంకొకటి, గాజులో దాని నీడ దానికే కనిపిస్తుంది. ఎటు తిరిగినా ఇంకో ఊసరవెల్లి తనని చూస్తోందనుకుంటుంది. ఒంటరిగా బతికే ప్రాణికి అంతకంటే నరకం లేదు. నాలుగు వైపులా జాలీ ఉన్న నిలువు గూడు మేలు. పిల్లకి 16 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు సరిపోతుంది. పెద్దయ్యాక రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉండాలి. అడుగున ఏమీ పరవక్కర్లేదు. పురుగుని కొట్టబోయి చెక్కపొట్టు మింగే ప్రమాదం తప్పుతుంది, తుడుచుకోవడమూ తేలిక.

గూట్లోకి బతికున్న మొక్కలు కావాలి. మనీ ప్లాంటు, మందారం, ఫైకస్ చాలు. వెయిల్డ్ జాతి ఆకులు కూడా కొరుకుతుంది కాబట్టి మందు కొట్టిన నర్సరీ మొక్కని కడిగి, కొన్నాళ్ళు బయట ఉంచాకే లోపల పెట్టాలి. నీళ్ళ ఏర్పాటు రెండు రకాలుగా చేసుకుంటే మంచిది. పొద్దున్న లైట్లు వెలగకముందు ఒకసారి, రాత్రి ఆరిపోయాక ఒకసారి రెండు మూడు నిమిషాలు సన్నటి తుంపర. పగలు కాసేపు, పైనుంచి ఆకు మీద బొట్టు బొట్టుగా పడే డ్రిప్పర్. అడుగున చిల్లు పెట్టిన ప్లాస్టిక్ గ్లాసు గూటి కప్పు మీద పెట్టినా డ్రిప్పరే. రెండు తుంపరల మధ్య ఆకులు పూర్తిగా ఆరాలి. ఎప్పుడూ తడిగా ఉంచితే బూజు పడుతుంది.

నీళ్ళు సరిపోతున్నాయో లేదో రెట్ట చెబుతుంది. రెట్టలో నల్లటి భాగంతో పాటు గట్టి తెల్లటి ముద్ద ఒకటుంటుంది. అది దాని మూత్రం. ఊసరవెల్లి నీటిని వృథా చెయ్యకుండా యూరిక్ ఆమ్లాన్ని ముద్దగా బయటికి పంపుతుంది. ముద్ద తెల్లగా ఉంటే బాగున్నట్టు. మొత్తం పసుపు, నారింజ రంగుకి తిరిగితే ఒంట్లో నీళ్ళు తగ్గినట్టు. మా వాడు పంపిన మొదటి ఫోటోలో అది బెల్లం రంగులో ఉంది. పది రోజులకి తెల్లబడింది. ఆ ఫోటోని వాడు క్లాసులో టీచరుకి కూడా చూపించాడట.

ఎండ సంగతి నీళ్ళకంటే చిక్కైంది. ఎందుకంటే ఎండ లేకపోవడం రెండు నెలల దాకా బయటపడదు.

సూర్యకాంతిలో యూవీబీ అనే కిరణాలున్నాయి, మన కంటికి కనిపించవు. అవి చర్మానికి తగిలినప్పుడు అక్కడున్న ఒక రకం కొవ్వు పదార్థం మారి, ఒంటి వేడికి డి3 విటమిన్ అవుతుంది. కాలేయం, మూత్రపిండాలు దాన్ని ఇంకో రెండు మెట్లు ఎక్కిస్తే, తిన్న తిండిలోంచి కాల్షియాన్ని పీల్చుకునే శక్తి పేగుకి వస్తుంది. గొలుసులో మొదటి కొక్కెం తెగితే కాల్షియం ఎంత తిన్నా రెట్టలో పోతుంది. గుండె కొట్టుకోవాలన్నా, కండరం ముడుచుకోవాలన్నా రక్తంలో కాల్షియం ఉండాల్సిందే. అందుకని ఒళ్ళు దాన్ని ఎముకల్లోంచి లాక్కుంటుంది. వారం వారం పెరిగే పిల్లలో ఎముకలు అలా గుల్లబారితే కాళ్ళు విల్లులా వంగుతాయి, దవడ రబ్బరులా మెత్తబడుతుంది, కొమ్మని పట్టలేక కింద పడుతుంది, నాలుక గురి తప్పుతుంది. డాక్టర్లు దీన్ని మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు. మనుషుల పిల్లల్లో రికెట్స్ లాంటిది. ఒకసారి వంగిన ఎముక మళ్ళీ తిన్నగా అవదు.

"కిటికీ పక్కనే పెట్టాంరా, బోలెడు ఎండ పడుతోంది," అంది అక్క. కిటికీ అద్దం వెలుతురుని, వేడిని రానిస్తుంది, యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. షాపువాడిచ్చిన మామూలు బల్బులోనూ అది లేదు. దానికోసం వేరే యూవీబీ ట్యూబులైటు కొనాలి. పొడవాటి ట్యూబు కావాలి, మెలికలు తిరిగిన చిన్న బల్బు చాలదు. ఎంత ఎత్తులో పెట్టాలో డబ్బా మీద రాసి ఉంటుంది, అది పాటించాలి. ఇంకో మోసం ఉంది. ఆరు నెలల నుంచి ఏడాది వాడాక ట్యూబు వెలుగుతూనే ఉంటుంది గానీ యూవీబీ తగ్గిపోతుంది. అందుకే కొన్న తేదీని ట్యూబు మీదే స్కెచ్ పెన్నుతో రాసుకోవాలి. వేడి కోసం వేరే బల్బు. దాని కింద కొమ్మ దగ్గర 80 నుంచి 85 డిగ్రీల ఫారన్‌హీట్ పిల్లకి చాలు, గూటి అడుగు మామూలు గది వేడిలో ఉండాలి. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు కటిక చీకటి. ఎర్ర బల్బు తీసేయమన్నాను. రాత్రి కాస్త చల్లబడటం ఆ కొండవాలు ప్రాణికి అలవాటే, 65 డిగ్రీలకి దిగినా ఆరోగ్యంగా ఉన్నదానికి భయం లేదు. వెలుతురులో మాత్రం అది నిద్రపోలేదు.

వీలున్నప్పుడు నిజమైన ఎండకి మించింది లేదు. జాలీ గూటిని పొద్దుటి పూట పెరట్లో అరగంట పెట్టి, సగం గూటికి గుడ్డ కప్పి నీడ ఇచ్చి, పక్కనే మనిషి ఉండాలి. గాజు తొట్టెని ఎండలో పెడితే పది నిమిషాల్లో ఉడికిపోతుంది.

ఎండలో ఎంతసేపు ఉండాలో దానికే తెలుసు. టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ పరిశోధకులు మడగాస్కర్ పాంథర్ కమీలియన్ల మీద చేసిన పరిశోధన 2009లో వెలువడింది. తిండిలో డి3 తక్కువ పెట్టిన ఊసరవెల్లులు యూవీ కింద ఎక్కువసేపు గడిపాయి, డి3 ఎక్కువ పెట్టినవి తక్కువసేపు గడిపాయి. తన ఒంట్లో విటమిన్ లెక్క తనే చూసుకుని, దానికి తగ్గట్టు ఎండలోకీ నీడలోకీ జరుగుతోంది! నాకీ సంగతి చదివిన ప్రతిసారీ ఆశ్చర్యమే. మనం చెయ్యాల్సిందల్లా ఎండా నీడా రెండూ గూట్లో ఉండేలా చూడటం. డి3 పొడిని రోజూ చల్లితే ఆ తెలివి పనికిరాదు, నోటితో పోయింది పోయినట్టే ఒంట్లో పేరుకుంటుంది, మోతాదు మించితే మెత్తటి అవయవాల్లో కాల్షియం గట్టిపడుతుంది. చర్మంలో తయారయ్యే డి3కి ఆ ప్రమాదం లేదు. ఎక్కువైతే అదే వెలుతురు దాన్ని విరిచేస్తుంది.

తిండి అంటే పురుగులే. పిల్లకి రెక్కల్లేని పండు ఈగలు, చిన్న కీచురాళ్ళు, కాస్త పెద్దయ్యాక డూబియా బొద్దింకలు, పట్టుపురుగులు. పురుగు పరిమాణం దాని రెండు కళ్ళ మధ్య దూరానికి మించకూడదు. నాలుగు నెలల లోపు పిల్లకి రోజూ పెట్టాలి, పొద్దున పావుగంటలో తినగలిగినన్ని. మిగిలిన కీచురాళ్ళని సాయంత్రానికి ఏరేయాలి, రాత్రి నిద్రపోతున్న పిల్ల కాళ్ళనీ కళ్ళనీ అవి కొరుకుతాయి.

కీచురాయిలో కాల్షియం కంటే భాస్వరం చాలా రెట్లు ఎక్కువ. ఆ తేడా సరిచెయ్యడానికి డి3 కలపని కాల్షియం పొడిని చిటికెడు వేసి, డబ్బాలో పురుగుల్ని ఒక్కసారి కుదిపి పెట్టాలి. ఇది రోజూ. డి3, ఇతర విటమిన్లు కలిపిన పొడి పదిహేను రోజులకొకసారి చాలు. పురుగు పొట్టలో ఏముందో అది కూడా ఊసరవెల్లికే వెళుతుంది, కాబట్టి ముందురోజు పురుగులకి మంచి తిండి పెట్టాలి. ఆవాకు, క్యారట్, నారింజ ముక్క. పాలకూర వద్దు, అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని బిగించేస్తుంది. పెరట్లో దొరికే పురుగుల మీద ఏ మందు పడిందో తెలియదు. మిణుగురుల్ని అయితే దగ్గరికి కూడా రానీకండి. అమెరికా మిణుగురుల్లో ఉండే విషం బల్లిజాతి ప్రాణుల్ని చంపేస్తుంది, ఒక్క పురుగుకే బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లులు చనిపోయాయి. వేసవి సాయంత్రాలు పిల్లలు సీసాల్లో మిణుగురుల్ని పట్టే ఇళ్ళలో ఈ మాట పిల్లలకి ముందే చెప్పాలి.

అది వేటాడటం చూడటానికే చాలామంది ఊసరవెల్లిని కొంటారు. అందులో తప్పులేదు. రెండు కళ్ళూ రెండు దిక్కుల్లో తిరుగుతూ ఉంటాయి. పురుగు కనిపించగానే రెండూ ఒక్కచోటికి వచ్చి నిలుస్తాయి. నోరు కొంచెం తెరుచుకుని నాలుక కొన గులాబీరంగు మొగ్గలా బయటికి వస్తుంది. ఆ తర్వాతది కన్నుకి అందదు. నాలుక మధ్యలో సన్నటి ఎముక ఉంటుంది, దాని చుట్టూ గొట్టంలాంటి కండరం. కండరానికీ ఎముకకీ మధ్య సాగే పొరలు పొరలుగా ఉంటాయి. కండరం బిగుసుకుని ఆ పొరల్ని ఉండేలు రబ్బరులా లాగిపెట్టి ఒక్కసారి వదిలేస్తుంది. ఒంటి పొడవుని మించిన నాలుక దూకి పురుగుకి అతుక్కుంటుంది. కొనన ఉన్న జిగురు మన లాలాజలం కంటే 400 రెట్లు చిక్కనిదని 2016లో నేచర్ ఫిజిక్స్ పత్రికలో కొలిచి చెప్పారు. తన బరువులో మూడో వంతు ఉన్న వేటని కూడా ఆ జిగురు లాక్కురాగలదు.

ఈ ఉండేలు వల్ల ఇంకో లాభం ఉంది. సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీలో ఆండర్సన్, డెబాన్ అనే శాస్త్రవేత్తలు ఈ వెయిల్డ్ కమీలియన్‌నే తీసుకుని 15 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ దాకా వేర్వేరు వేడిలో నాలుకని చిత్రించి 2010లో ప్రకటించారు. పది డిగ్రీలు చల్లబడితే నాలుక దూకే వేగం ఇరవై శాతం లోపే తగ్గింది. వెనక్కి లాక్కునే వేగం మాత్రం నలభై శాతానికి పైగా పడిపోయింది. దూకేది సాగే పొరల బలంతో, చలికి పెద్దగా లొంగదు. లాక్కునేది కండరం, చలికి మందగిస్తుంది. యెమెన్ కొండల్లో చలి పొద్దున, మిగతా బల్లులు ఒళ్ళు వెచ్చబెట్టుకుంటుండగానే ఇది వేటకి దిగగలదు. మీ ఊసరవెల్లి నాలుక విసరడం మానేసినా, విసిరి గురి తప్పుతున్నా చలి అని సరిపెట్టుకోకండి, డాక్టరుకి చూపించండి.

ఇక మరుగు. కొత్త పిల్లని ఇంటికి తెచ్చిన రోజు నుంచి అందరూ దాన్ని చేతిలోకి తీసుకోవాలనే చూస్తారు. చుట్టాలొస్తారు, ఫోటోలు దిగుతారు. రెండు వారాల పాటు అసలు ముట్టుకోకండి. పైనుంచి వచ్చే చెయ్యి దానికి గద్దకాలే. గూటిని టీవీకీ, ఏసీ గాలికీ దూరంగా, మన కళ్ళకంటే ఎత్తులో ఉండేలా బల్ల మీద పెట్టాలి. ఊసరవెల్లికి ఎత్తులో ఉంటేనే ధైర్యం. లోపల, కావాలనుకున్నప్పుడు పూర్తిగా దాక్కునేంత గుబురు ఉండాలి. విచిత్రం ఏమిటంటే, దాక్కోవడానికి చోటున్న పిల్లే తొందరగా బయటికొచ్చి కూర్చుంటుంది. తర్వాత ఎప్పుడైనా, చెయ్యిని కింది నుంచి కొమ్మలా చాచి ఉంచి, ఇష్టమైతే అదే ఎక్కేలా చూడాలి. ఎక్కకపోతే ఆ రోజుకి అంతే. ముట్టుకున్నాకా, గూడు శుభ్రం చేశాకా సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉండొచ్చు.

దాని మనసు తెలుసుకోవడానికి రంగు ఉంది. ఏ గోడ మీద కూర్చుంటే ఆ రంగుకి మారుతుందని చిన్నప్పుడు మనమంతా విన్నాం. జెనీవా యూనివర్సిటీ వాళ్ళు 2015లో పాంథర్ కమీలియన్ చర్మాన్ని పరీక్షించి రంగు మారే అసలు తీరుని చూపించారు. చర్మంలో ఇరిడోఫోర్లు అనే కణాలుంటాయి, వాటి నిండా గ్వానిన్ అనే పదార్థపు అతి సూక్ష్మమైన స్ఫటికాలు. ప్రశాంతంగా ఉన్నప్పుడు అవి దగ్గర దగ్గరగా సర్దుకుని నీలికాంతిని తిప్పికొడతాయి, చర్మంలోని పసుపుతో కలిసి మనకి ఆకుపచ్చగా కనిపిస్తుంది. రెచ్చిపోయినప్పుడు స్ఫటికాల మధ్య దూరం పెరిగి పసుపు, ఎరుపు కాంతి వెనక్కి వస్తుంది. కొత్త రంగు పూసుకోవడం ఏమీ లేదు, ఉన్న స్ఫటికాలే ఎడంగా జరుగుతాయి.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో లైగన్, మెక్‌గ్రా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెయిల్డ్ మగ ఊసరవెల్లుల్ని ఎదురెదురుగా పెట్టి 2013లో రాసిన దాని ప్రకారం, ఒంటి చారలు ఎక్కువ ప్రకాశించినవి ముందుకు దూకే రకం, తల రంగు వేగంగా మార్చగలిగినవి గెలిచే రకం. ఓడిపోయేది నల్లబడి, లొంగిపోయానని చెబుతుంది. మన భాషలో మాట మార్చేవాణ్ణి ఊసరవెల్లి అని తిడతాం. పాపం, ఆ ప్రాణి రంగు మార్చేది ఉన్నమాట చెప్పడానికే. మా వాడికి నేను నేర్పింది ఇది: పొద్దున్నే నల్లగా ఉండి ఎండ తగిలాక పచ్చబడితే అది వేడి పట్టుకోవడానికి, మంచిదే. నిద్రలో పాలిపోయినా మంచిదే. నువ్వు గూటి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నల్లబడి, ఒళ్ళు బల్లపరుపుగా చేసుకుని, నోరు తెరిచి బుస కొడితే వెళ్ళిపొమ్మంటోంది. రోజంతా నల్లగానే ఉంటే ఏదో నొప్పి.

తోడు లేకపోతే దిగులు పడుతుందేమోనని ఇంకొకదాన్ని కొందామని అక్క అడిగింది. వద్దన్నాను. సిడ్నీ యూనివర్సిటీ నుంచి 2014లో వచ్చిన ఒక పరిశోధనలో, పుట్టినప్పటి నుంచీ ఒంటరిగా పెంచిన వెయిల్డ్ పిల్లలు తోటివాటి ముందు తొందరగా లొంగిపోయాయి, తిండి పట్టడంలోనూ వెనకబడ్డాయి. కాబట్టి తొలి వారాల్లో తోబుట్టువుల మధ్య ఉండటం వాటికి మేలే. ఆ వయసు షాపుకి రాకముందే దాటిపోతుంది. నాలుగైదు నెలలకే అవి ఈడుకొస్తాయి, ఒక గూట్లో రెండుంటే బలహీనమైనది తినడం మానేస్తుంది. దెబ్బలాట మనకి కనిపించదు, ఒకటి సన్నబడటం మాత్రమే కనిపిస్తుంది.

ఆడదో మగదో మొదటి రోజే తెలుసుకోవాలి. వెయిల్డ్ మగపిల్లకి పుట్టుకతోనే వెనక పాదం మడమ దగ్గర చిన్న బుడిపె ఉంటుంది. ఆడదానికి ఉండదు. ఆడది మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది, ఒక్కో కాన్పుకి డజన్ల లెక్కన. తవ్వుకోవడానికి తడి ఇసుక లోతుగా నింపిన తొట్టె లేకపోతే గుడ్లు లోపలే ఆపుకుని చనిపోయే ప్రమాదం ఉంది. అయిదో నెల నుంచే ఆ తొట్టె గూట్లో ఉండాలి. షాపులో ఈ మాట ఎవరూ చెప్పరు, నాకు కోపం తెప్పించేది ఇదే.

జబ్బుని ఊసరవెల్లి చివరిదాకా దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనిపించినదాన్నే పక్షి ఎత్తుకుపోతుంది. అందుకని వంటింటి డిజిటల్ తక్కెడ మీద చిన్న కొమ్మ పెట్టి వారానికొకసారి బరువు రాసుకోవాలి. పెరిగే పిల్ల బరువు రెండు వారాలు వరసగా పెరగకపోతే, పగలు కళ్ళు మూసుకుంటే, కొమ్మ మీద పట్టు జారితే అదే రోజు సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. కుక్కల్ని చూసే డాక్టర్లందరూ వీటిని చూడరు. ఆ డాక్టరు ఊళ్ళో ఎక్కడున్నాడో ప్రాణిని కొనకముందే కనుక్కోవాలి.

పెంచలేమనిపిస్తే చెట్టు మీద వదిలెయ్యకండి. ఫ్లోరిడాలో, హవాయిలో అలా వదిలిన వెయిల్డ్ కమీలియన్లు అడవుల్లో స్థిరపడి అక్కడి పురుగుల మీద పడ్డాయి. హవాయిలో దాన్ని ఉంచుకోవడమే నేరం.

మా వాడి ఊసరవెల్లి మగది. ఇప్పుడు తోకతో కలిపి అడుగు దాటింది, నెత్తిన కిరీటం లేస్తోంది. బాగా చూసుకుంటే ఇది ఆరేడేళ్ళు బతుకుతుంది. పిల్లవాడికి ఇప్పుడు పన్నెండు. అది ముసలిదయ్యే నాటికి వాడు కాలేజీ హాస్టల్లో ఉంటాడు, తుంపర కొట్టడం మా అక్క వంతవుతుంది. మీ పిల్లలు అడిగినప్పుడు కొనే ముందు ఈ లెక్క వేసుకోండి.